మారేడుమిల్లి ఎకరం ఎన్ని రికార్డుల్లో ఉంది?

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా ఘాట్ ఎక్కి, జలతరంగిణి దగ్గర తడిసి, బొంగు చికెన్ తిని, తెల్లవారుజామున గుడిస కొండ మీద మబ్బులు చూసి దిగే పట్నం మనిషికి దారిలోనే ఒక ఆలోచన తగులుకుంటుంది: ఇక్కడ ఓ ఎకరం కొని పెట్టుకుంటే? 'పుష్ప' షూటింగు తర్వాత సందర్శకులు పెరిగారు, వాళ్లతోపాటు ఈ ఆలోచనా పెరిగింది. ఫోను తీసి ఏ స్థిరాస్తి యాప్‌లో వెతికినా ధర, విస్తీర్ణం, ఫొటో, ఏజెంటు నంబరు కనబడతాయి. ఆ భూమిని తనకు అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నదానికి మాత్రం అక్కడ గడి ఉండదు.

నిజానికి జవాబు ఒక్క వాక్యం. కొనేవాడు గిరిజనుడు కాకపోతే కొనలేడు. మారేడుమిల్లి షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి ఏజెన్సీ భూబదలాయింపు రెగ్యులేషన్‌ను సవరిస్తూ 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన రెగ్యులేషన్‌నే జనం 'వన్ సెవెంటీ' అంటారు. దాని ప్రకారం ఇక్కడి స్థిరాస్తి గిరిజనుడి చేతిలో ఉన్నా, గిరిజనేతరుడి చేతిలో ఉన్నా, అది గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకొకరికి బదిలీ కాకూడదు. అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి అన్నీ బదిలీ కిందికే వస్తాయి. కొనడం లేదండీ, లీజుకు తీసుకుని రిసార్టు పెడతాం అనేవాళ్లు చట్టంలో ఆ ముక్క చదివినట్టు లేరు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని చట్టం ముందే భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ మనిషిదే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997 జూలై 11న వచ్చిన సమత తీర్పు ఇంకో మెట్టు ఎక్కి, ప్రభుత్వం సైతం ఇక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు కట్టబెట్టరాదంది.

ఇంత స్పష్టమైన నియమం ఉన్నా, ఒక సర్వే నంబరు గురించి నిజం తెలుసుకోవాలంటే చాలా చోట్ల వెతకాలి. ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో సాగు వివరాలు చూపే అడంగలు, హక్కుదారు వివరాలు చూపే 1-బి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఆ భూమి మీది పాత దస్తావేజులు చూపే ఈసీ. అదే శాఖ దగ్గర 22-ఎ నిషేధిత జాబితా. అటవీ హక్కుల పట్టా అయితే గిరిజన సంక్షేమ శాఖ రికార్డు. అడవి హద్దు అటవీ శాఖ మ్యాపులో. భూబదలాయింపు కేసు నడుస్తోందా అన్నది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో. లేఅవుటు వేశామని ఎవరైనా అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా సైటు. ఇవన్నీ ప్రభుత్వానివే, ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు. వీటిని కలపడం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ గొట్టాల గురించి మాట్లాడతారు. కలపాల్సినవి ఏ ప్రశ్నలకు జవాబులుగా పుట్టాయన్నది ముందు చూడకపోతే, ఎంత బాగా కలిపినా తప్పు జవాబే వేగంగా వస్తుంది.

ప్రపంచంలో ఈ కలిపే పని ఎక్కువ కాలంగా చేసింది అమెరికా. డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఎం.ఎల్.ఎస్. అన్న మూడక్షరాలు కొత్త కాదు. ఒక ప్రాంతంలోని ఏజెంట్లందరూ తమ దగ్గర అమ్మకానికి వచ్చిన ఇళ్ల వివరాలు ఒకే చోట నమోదు చేసి, ఒకరి సరుకు ఇంకొకరు అమ్మిపెట్టే ఏర్పాటది. దేశమంతటికీ ఒకటి లేదు. దాదాపు ఐదు వందలు ఉన్నాయి. ఉత్తర టెక్సస్‌ది ఒకటి, పక్కన హ్యూస్టన్‌ది మరొకటి. ఒక్కొక్కటి ఒక్కో పద్ధతిలో రాసుకునేది. ఒకరు పడకగదుల్లో లెక్కపెట్టినదాన్ని ఇంకొకరు వేరే పేరుతో రాసేవారు. వీటన్నిటి నుంచి సమాచారం లాగడానికి 1999లో రెట్స్ అనే ప్రమాణం వచ్చింది. తర్వాత దాన్ని పక్కనపెట్టి రెసో అనే సంస్థ వెబ్ ఏపీఐని, దానితోపాటు 'డేటా డిక్షనరీ'ని ముందుకు తెచ్చింది. నా దృష్టిలో రెండోదే అసలు పని. సమాచారాన్ని తెచ్చే దారి ఎవరైనా వేస్తారు. ఏ గడికి ఏ పేరు, ఆ పేరుకు ఏ అర్థం, ఏ కొలమానం అని అందరూ ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇళ్ల జాబితాల వెబ్‌సైటు నడిపే జిల్లో లాంటి పెద్ద కంపెనీ కూడా 2021లో ఊరూరి ఎం.ఎల్.ఎస్.లలో సభ్యత్వం తీసుకుని, వాళ్ల నిబంధనలకు తలవంచి జాబితాలు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అక్కడా అన్నీ కనబడవు. టెక్సస్‌లో అమ్మిన ధరను ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన లేదు, కాబట్టి అసలు ధర ఏజెంట్ల జాబితాలోనే మిగిలిపోతుంది, బయటివాడు ఊహించుకోవాలి. ఇంగ్లండులో దీనికి తలకిందులు, భూమి రిజిస్ట్రీ ప్రతి అమ్మకం ధరనూ బహిరంగంగా పెడుతుంది. ఇక 2023 అక్టోబరులో మిస్సోరి రాష్ట్రంలో ఒక జ్యూరీ, కొనుగోలుదారు ఏజెంటుకు కమిషను ఇంత అని ఎం.ఎల్.ఎస్.లో ముందే రాసే పద్ధతిలో కుమ్మక్కు ఉందని తేల్చింది. ఆ తర్వాతి రాజీతో 2024 ఆగస్టు 17 నుంచి దేశమంతటా ఎం.ఎల్.ఎస్.లలో ఆ గడినే ఎత్తేశారు. ఒక పట్టికలో ఒక గడి ఉండాలా వద్దా అన్నది సాంకేతిక విషయం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అక్కడ ఒక గడి తీసేయడానికి కోర్టు కావలసి వచ్చింది. ఇక్కడ ఒక గడి పెట్టడానికి కావలసిన చట్టం 1970 నుంచీ ఉంది. పెట్టేవాళ్లే లేరు.

మన దగ్గర ఎం.ఎల్.ఎస్. లేదు. ఉన్నవి 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, హౌసింగ్, నోబ్రోకర్ లాంటి ప్రైవేటు పోర్టళ్లు. వాటిలో ఉండేది అడిగే ధర. అమ్ముడైన ధర ఉండదు. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరున్నది ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువకు అటూ ఇటూగా దస్తావేజులో రాయించిన ధర. చేతులు మారిన అసలు డబ్బు ఈ రెంటిలోనూ ఉండదన్నది అందరికీ తెలిసిన రహస్యం. 2016 నాటి రెరా చట్టం కొంత మేలు చేసింది. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన, లేదా ఎనిమిది యూనిట్లు మించిన ప్రాజెక్టు నమోదు కాకుండా ప్రకటన వేయకూడదంది, ఏజెంట్లూ నమోదు కావాలంది. అయితే కొండవాలులో ఉన్న జీడితోటను ఎకరాల లెక్కన అమ్ముతామనే మనిషి రెరా చూపుకు ఆనడు. ఆ చట్టం పుట్టింది ఫ్లాట్లు, ప్లాట్ల కోసం.

ప్రభుత్వ రికార్డులు ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టాయో చూద్దాం. రెవెన్యూ రికార్డు పుట్టింది శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలన్న ప్రశ్నకు. అడంగల్లో పట్టాదారు ఒకరు, అనుభవదారు ఇంకొకరు ఉండడం అందుకే వింత కాదు. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ఆ రాతలకు కొంత బలం ఇచ్చింది: తప్పని రుజువయ్యేదాకా అవి నిజమేనని అనుకోవాలి. అంతవరకే. రిజిస్ట్రేషన్ రికార్డు పుట్టింది ఏ కాగితం ఎప్పుడు రాశారన్న ప్రశ్నకు. 1908 చట్టం కింద సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. అమ్మినవాడికి హక్కుందా అన్నది ఆయన తేల్చే పని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న కార్డ్ అనే పథకంతో ఈ ఆఫీసులు కంప్యూటర్లకు మారాయి, దేశంలో అందరికన్నా ముందు. అప్పటి పొగడ్తల్లో సగం న్యాయమైనవే. ఈసీ కోసం రోజుల తరబడి తిరిగే బాధ తప్పింది. కానీ కంప్యూటర్ చేసింది పాత ప్రశ్నకు జవాబును త్వరగా ఇవ్వడమే.

22-ఎ జాబితా మాత్రం నిజంగా 'ఇది అమ్మకూడదు' అని చెప్పేందుకే పుట్టింది. రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ సెక్షను 2007లో ప్రస్తుత రూపానికి వచ్చింది. చట్టం నిషేధించిన బదిలీలు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు, ప్రభుత్వానికి ఆసక్తి ఉందని నోటిఫై చేసినవి అంటూ ఐదు తరగతులు. తమ పట్టా భూమిని అన్యాయంగా అందులో కలిపేశారని మైదానం రైతులు వేసిన కేసులు లెక్కకు మిక్కిలి. 2015 చివర ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ విన్జమూరి రాజగోపాలాచారి కేసులో ఈ జాబితాలు ఎలా తయారుచేయాలో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. మైదానంలో ఆ జాబితా అవసరానికి మించి పెద్దది. కొండ మీద దాని కథ వేరు. అక్కడ నిషేధం సర్వే నంబరుకు కాదు, కొనేవాడికి. ఒకే భూమి కొండరెడ్డి తెగకు చెందిన రైతుకు అమ్మదగినది, కాకినాడ వ్యాపారికి అమ్మకూడనిది. సర్వే నంబర్ల జాబితా ఇలాంటి నియమాన్ని పట్టుకోలేదు. అడంగలు చెప్పేది పేరు, విస్తీర్ణం. ఆ పేరుగల మనిషి షెడ్యూల్డ్ తెగవాడా అన్నది వేరే సర్టిఫికెట్, వేరే విచారణ. ఈ రెండూ కలవనంత కాలం ఏ ఆన్‌లైన్ వ్యవస్థా వన్ సెవెంటీని అమలు చేయలేదు. చూసీ చూడనట్టు ఉండడం మాత్రం చేయగలదు.

అసలు చిక్కు రిజిస్ట్రారు ఆఫీసు దాకా రాని లావాదేవీలది. ఏజెన్సీలో భూమి చేతులు మారేది స్టాంపు కాగితం మీద, తెల్లకాగితం మీద, ఒక్కోసారి నోటి మాట మీద. గిరిజనుడి పేరున ఉన్న భూమికి వెనక డబ్బు పెట్టిన బినామీ ఇంకొకడు. ఇవి ఏ డేటాబేసులోనూ లేవు, ఎన్ని డేటాబేసులు కలిపినా రావు. అడంగల్లో అనుభవదారు గడి ఒక్కటే కాస్త ఆచూకీ ఇచ్చేది. విచిత్రం ఏమిటంటే, భూ రికార్డులను శుభ్రం చేయాలని చెప్పే సంస్కర్తలు ముందు కొట్టేయమనేది ఆ గడినే. తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు ఆ గడి పోయింది, కౌలుదార్లూ సాగుదార్లూ రికార్డు నుంచి మాయమయ్యారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి రావడానికి ఇలాంటి ఫిర్యాదులు ఒక కారణం.

మారేడుమిల్లి చుట్టుపక్కల రికార్డులు ఆలస్యంగా పుట్టాయన్నది కూడా మరచిపోకూడదు. రంప దేశం ముఠాలనే ఊళ్ల గుంపులను ఏలే ముఠాదారుల పాలనలో ఉండేది. 1879లో రంప తిరుగుబాటు నడిపింది ఆ ముఠాదారులే, తమపై పెత్తనం చేసిన మన్సబుదారు మీద, కల్లు పన్ను మీద. ఏజెన్సీలో భూముల బదిలీకి కళ్లెం వేస్తూ మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఒక చట్టం చేసింది. ముఠాలను రద్దు చేసి రైత్వారీ కిందికి తెచ్చిన రెగ్యులేషన్ 1969ది. ఆ తర్వాతే సర్వే, సెటిల్‌మెంటు, పట్టాలు. అంటే గోదావరి డెల్టాలో పొలాలకు తరతరాల రికార్డు ఉన్న రోజుల్లో ఈ కొండలకు సర్వే నంబరే లేదు. పోడు కొట్టి, కొన్నేళ్లు సాగుచేసి, నేల కోలుకోవడానికి వదిలి, ఇంకో చోటికి వెళ్లే కొండరెడ్లకు నిలకడైన హద్దులున్న చెక్క అన్న భావనే బయటిది. సెటిల్‌మెంటు అధికారి వచ్చిన రోజున ఎవరు ఎక్కడ ఉన్నారో అదే రికార్డయింది. అప్పటికే దిగువ నుంచి వచ్చి స్థిరపడిన గిరిజనేతరులకూ పట్టాలు దక్కాయి. ఆ పట్టాల మీద వ్యాజ్యాలు ఇంకా నడుస్తున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా ఇచ్చి, అది వారసులకు వెళ్తుంది తప్ప అమ్మడానికి, బదిలీకి వీల్లేదని షరతు పెట్టింది. అలా ఒకే గ్రామంలో రైత్వారీ పట్టా, ప్రభుత్వ భూమిని పేదలకిచ్చే డి-పట్టా, అటవీ హక్కు పట్టా పక్కపక్కన ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో మూడూ పచ్చగానే కనబడతాయి.

డేటాబేసులు కలపడం ఎంత తలనొప్పో చెప్పడానికి మారేడుమిల్లి ఘాటు దిగి చింతూరు వైపు వెళ్తే చాలు. అక్కడికి దగ్గర్లోని వరరామచంద్రపురం మండలంలో రేకపల్లి అనే ఊరుంది. 1874 దాకా భద్రాచలం, రేకపల్లి తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేవి. ఆ ఏడు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చాయి. తర్వాత తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం గ్రామీణ ప్రాంతం మళ్లీ తూర్పు గోదావరికి వచ్చాయి; భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు మారేడుమిల్లితో పాటు ఇవీ అందులోకి వెళ్లాయి. ఊరు కదల్లేదు. దాని కాగితాలు మాత్రం నాగపూరు, మద్రాసు, కాకినాడ, ఖమ్మం, మళ్లీ కాకినాడ, పాడేరు అంటూ ఊరేగాయి.

ప్రతి మార్పుకూ ఒక భాష, ఒక కొలత. తెలంగాణ పహాణీలో విస్తీర్ణం ఎకరాలు, గుంటలు. నలభై గుంటలకు ఎకరం. ఆంధ్ర అడంగల్లో ఎకరాలు, సెంట్లు. వంద సెంట్లకు ఎకరం. రెండు చోట్లా 10.30 అనే రాస్తారు. తెలంగాణ రాతలో అది పదెకరాల ముప్పై గుంటలు, అంటే పదీ ముప్పాతిక ఎకరాలు. ఆంధ్ర పద్ధతిలో చదివితే పదెకరాల ముప్పై సెంట్లు. చుక్కను దశాంశ బిందువు అనుకునే ప్రోగ్రాము నలభై ఐదు సెంట్లు మింగేస్తుంది, ఎవరికీ తెలియకుండా. ఇది ఏ పెద్ద సిద్ధాంతం కాదు, డేటా డిక్షనరీ లేకపోతే జరిగేది ఇదే. సబ్‌డివిజన్లదీ అంతే: ఒక చోట 45/అ, ఇంకోచోట 45-2ఎ.

భూమికి శాశ్వత నంబరు ఇస్తే ఇదంతా పోతుందన్నారు. 2018లో ఆంధ్రప్రదేశ్ భూధార్ పేరుతో పదకొండు అంకెల సంఖ్య తెచ్చింది. తర్వాత కేంద్రం పద్నాలుగు అంకెల భూ ఆధార్ మొదలుపెట్టింది. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రాష్ట్రం రీసర్వే ప్రారంభించింది. రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాపు) నంబర్లు వచ్చాయి. కొత్త నంబరుతో ఈసీ తీస్తే పాత దస్తావేజులు కనబడవు, పాత నంబరుతో తీస్తే కొత్త చెక్క ఏదో తెలియదు. రెంటినీ జతచేసే పట్టిక చేతిలో లేకుండా వెతకడం గుడ్డి వెతుకులాటే. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడుతుందన్న ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి వచ్చి, ఎన్నికల్లో పెద్ద వివాదమై, 2024లో రద్దయింది. శాశ్వత సంఖ్యలకు మన దగ్గర ఆయుర్దాయం ఒక ప్రభుత్వం.

చింతూరు నుంచి కాస్త దూరం పోతే ఒక పక్క ఒడిశాలోని మోటు, ఇంకో పక్క ఛత్తీస్‌గఢ్‌లోని కొంటా. ఇక్కడి కోయ తెగవాళ్లకు ఇవి మేనమామల ఊళ్లు. రికార్డులకు మాత్రం వేర్వేరు లోకాలు. ఒడిశా భూలేఖ్‌లో మౌజా, ఖాతా, ప్లాటు; కొలత ఎకరం, డెసిమల్. ఛత్తీస్‌గఢ్ భుయియాలో ఖస్రా, బి-1, కొలత హెక్టారు. కొలతలు మార్చుకోవచ్చు, చట్టాలు మారవు. ఒడిశా 1956 రెగ్యులేషన్ గిరిజనుడు అమ్మడాన్ని అడ్డుకుంటుంది. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మడం దాని పరిధిలోకి రాదు. మన వన్ సెవెంటీ ఆ దారీ మూసింది. ఛత్తీస్‌గఢ్‌ది 1959 భూ రెవెన్యూ కోడ్‌లోని 165వ సెక్షను. మూడు రాష్ట్రాల జాబితాలు కలిపి 'అమ్మదగినది' అని ఒకే గడి పెడితే, ఒక గట్టుకు అటుపక్క నిజమైంది ఇటుపక్క అబద్ధమవుతుంది. అందుకే ఆ గడిలో అవును, కాదు అని రాసి ఊరుకోవడం చాలదు. ఏ చట్టం కింద, ఎవరికి అని రాయాలి.

షెడ్యూల్డ్ ప్రాంతం హద్దు సైతం అంత తేలిక కాదు. 1950 నాటి ఉత్తర్వుల పేర్లతో ఇప్పటి రెవెన్యూ గ్రామాల పేర్లు జతపడాలి. శంఖవరం, ప్రత్తిపాడు, రౌతులపూడి మండలాల్లో గిరిజనులే ఉండే ఊళ్లు షెడ్యూలు బయట మిగిలిపోయాయి. అక్కడ వన్ సెవెంటీ పనిచేయదు. ఒకే కొండ, ఒకే తెగ, వాలుకు ఇటు భూమి అమ్ముకోవచ్చు, అటు కుదరదు. స్థలం కోసం వెతికేవాళ్లు మొదట అలాంటి ఊళ్లకే చేరతారు. హద్దును మ్యాపు మీద సరిగ్గా గీయడం ఇక్కడి గిరిజనులకు ఒక్కోసారి రక్షణ కాదు, బేహారులకు దారి చూపడం అవుతుంది.

ఇలాంటి పరిస్థితి మనకొక్కరికే కాదు. అమెరికాలో ఆదివాసీల ట్రస్టు భూముల హక్కు పత్రాలు కౌంటీ ఆఫీసుల్లో ఉండవు, ఇండియన్ వ్యవహారాల బ్యూరో దగ్గర వేరే రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఇంటి లోను కోసం టైటిల్ నివేదిక అడిగిన ఆదివాసీ కుటుంబాలు నెలల తరబడి ఎదురుచూడడం అక్కడ పాత ఫిర్యాదు. ఆ భూముల ఆదాయం లెక్కలు ప్రభుత్వం సరిగా రాయలేదని బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన ఎలూయీస్ కోబెల్ 1996లో కేసు వేసింది. పదమూడేళ్లు పోరాడాక 2009లో 340 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఐదు వందల ఎం.ఎల్.ఎస్.లను ఒక తాటి మీదికి తెచ్చిన దేశం తన ఆదివాసీల భూమి లెక్కను మాత్రం చిత్తు కాగితంలా ఉంచింది. డబ్బున్న చోట డేటా శుభ్రపడుతుంది. అక్కడైనా, ఇక్కడైనా.

సమాచారం తెరిస్తే అందరికీ మేలే కదా అనేవాళ్లకు కర్ణాటక భూమి పథకం చూపించాలి. 2001 నాటికి రెండు కోట్ల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించి, గ్రామ అకౌంటెంటు లంచం లేకుండా రైతుకు ఆర్.టి.సి. అనే భూమి పత్రం ఇచ్చిన ఆ పథకం ప్రపంచమంతా పేరు పొందింది. 2007లో సోలొమన్ బెంజమిన్, ఆయన సహచరులు బెంగళూరు చుట్టుపక్కల పరిశీలించి, ఒక చోటికి చేరిన ఆ సమాచారం పెద్ద పెద్ద భూమి కొనుగోలుదార్లకే ఎక్కువ అక్కరకొచ్చిందని రాశారు. ఆ విమర్శతో అందరూ ఏకీభవించరు, నేనూ మొత్తం ఏకీభవించను. గ్రామ అకౌంటెంటు గుప్పిట్లోని రికార్డు పేదవాడికి ఏనాడూ అంతకన్నా మంచిది కాదు. కానీ వాళ్లు అడిగిన ప్రశ్న మారేడుమిల్లికి అచ్చంగా సరిపోతుంది. సర్వే నంబరుతో వెతికితే భూమి స్థితి తెలియాలి, సరే. పేరుతో వెతికే వీలిస్తే, ఏ గిరిజన రైతుకు ఎంత ఉంది, ఎవరి తండ్రి చనిపోయి మ్యుటేషన్ కాలేదు, ఎవరి భూమి రోడ్డు పక్కన ఉంది అన్నది రాజమండ్రిలో కూర్చున్న బ్రోకరు ఒక సాయంత్రంలో పట్టీ కట్టుకోగలడు. ఆ కొండరెడ్డి రైతుకు తన అడంగలు తీయడానికే మండల కేంద్రానికి రావాలి.

2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సమావేశంలో అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు ఏజెన్సీలో పర్యాటకం కోసం వన్ సెవెంటీని సవరించాలన్న ధోరణిలో మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ బంద్ అయింది. చట్టాన్ని ముట్టుకోబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పాల్సి వచ్చింది. ఒడిశాలో 2023 నవంబరులో క్యాబినెట్ ఇలాంటి సడలింపుకు సరేనని, కొద్ది రోజులకే నిలిపివేసింది. చట్టం మారదని హామీ దొరికింది గానీ, చట్టాన్ని గుర్తుచేసే రికార్డు ఎక్కడా తయారు కాలేదు. రిసార్టులు, హోమ్‌స్టేలు, టెంట్లు వస్తూనే ఉన్నాయి. వాటిలో గిరిజనుల సొంతవి ఎన్ని, పేరు మాత్రమే అరువిచ్చినవి ఎన్ని అన్నది ఏ శాఖ పోర్టల్లోనూ వెతికితే దొరికేది కాదు.

నన్నడిగితే కలపడం మొదలు కావాల్సింది ధర నుంచి కాదు, గ్రామం నుంచి. రెవెన్యూ గ్రామం షెడ్యూలులో ఉందా అన్న ఒక్క పొర ప్రైవేటు పోర్టళ్లకు ఉచితంగా ఇచ్చి, ఆ గ్రామం పేరుతో ఎవరు ప్రకటన వేయబోయినా నియమం తెరమీదికి వచ్చేలా తప్పనిసరి చేయొచ్చు. దానికి ఎవరి పేరూ, ఎవరి ఎకరాలూ బయటపెట్టక్కర్లేదు. రెండో పొర, ఆ సర్వే నంబరు మీద భూబదలాయింపు కేసు ఉందా లేదా. మూడోది, అటవీ హక్కు పట్టానా. అడంగలు, ఈసీ ఆ తర్వాత. ధర చిట్టచివర.

సమాచారం పోవాల్సిన దిక్కు కూడా మార్చాలి. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం, పోయినదాన్ని తిరిగి తెప్పించే అధికారం గ్రామసభకు ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో వచ్చాయి. తన ఊళ్లో ఏ ఖాతా మారిందో, ఏ ఈసీకి ఎన్నిసార్లు దరఖాస్తు వచ్చిందో తెలియని గ్రామసభ దేన్ని ఆపుతుంది? ఒకే సర్వే నంబరుకు నెలలో పదిమంది ఈసీ తీశారంటే దాని మీద ఎవరి కన్నో పడిందన్నమాట. ఆ సంగతి ఇవాళ సర్వరుకు తెలుసు, ఊరికి తెలియదు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సర్వేయరు ఉన్నాడు. లోతట్టు గూడేల్లో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి మెసేజీ పంపితే చాలదు. నెలనెలా మార్పుల పట్టీ అచ్చుతీసి, గ్రామసభలో గట్టిగా చదివి వినిపించి, కింద హాజరైనవాళ్ల వేలిముద్రలు తీసుకోవాలి. అందులో మొదటి వరుస సర్వే నంబరు, రెండోది పాత పేరు, మూడోది కొత్త పేరు, నాలుగోది ఆ కొత్త పేరు ఎవరిదో ఊరివాళ్లు చెప్పింది రాయడానికి ఖాళీ గడి.